పునాది తవ్వితే మట్టిలో బతికున్న కప్ప: అదెలా బతికింది, ఏం చేయాలి?

మహబూబ్‌నగర్ దగ్గర ఇంటి పునాది తవ్వుతుంటే మూడడుగుల కింద, చుక్క నీళ్లు లేని ఎర్రమట్టిలో, ఉబ్బిన కప్ప దొరికిందని రాశారు. బాయిలో వేయాలా అని అడిగారు. బాయిలో మాత్రం వేయకండి. అది మట్టిలో బతికే కప్ప. నిటారు గోడల బాయిలో పడితే ఎక్కి రాలేదు, అక్కడే చస్తుంది.

దేవరకొండ దిక్కు మా చెలకలో బత్తాయి చెట్లకు డ్రిప్ పైపు కోసం కాలువ తీసినప్పుడల్లా ఇలాంటివి బయటపడుతుంటాయి. వాటికి గడ్డపార ఎక్కడ తగులుతుందోనని నాకు టెన్షన్.

మన చెలకల్లో ఇలా బతికేవాటిలో రెండు రకాలు గుర్తుపట్టడం తేలిక. తల చిన్నగా, నోరు ఇరుకుగా, ఒళ్లు నున్నగా ఉండి, ముట్టుకోగానే గాలి పీల్చి గుండ్రంగా ఉబ్బితే అది యూపెరోడాన్ సిస్టోమా. నోరు వెడల్పుగా, కళ్లు పెద్దవిగా ఉంటే స్ఫీరోథెకా జాతి. మీకు దొరికింది మొదటిదే కావచ్చు. జర్మనీ శాస్త్రవేత్త ష్నైడర్ 1799లోనే దాని గురించి రాశాడు. మన బడి పుస్తకాల్లో కూడా దానికి ఒక పేజీ ఉండాలని నా కోరిక.

దాని వెనక పాదాలు తిప్పి చూడండి. మడమ దగ్గర చిన్న పారలాంటి గట్టి బొడిపె ఉంటుంది. దానితో వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ దిగుతుంది, మట్టి పైన పడి మూసుకుపోతుంది. అందుకే మనకు బొరియ కనిపించదు. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండ కూడా తగలనంత లోతులో చెమ్మ పట్టుకుని కూర్చుంటుంది. కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మంతోనే మట్టిలోని తేమను పీల్చుకుంటుంది. మూత్రాశయంలో దాచుకున్న నీటిని కూడా మళ్లీ ఒంట్లోకి తీసుకుంటుంది. ఊపిరి, గుండె నెమ్మదిస్తాయి. తిండి ఉండదు. వానాకాలంలో చెదలు, చీమలు తిని ఒంట్లో దాచుకున్న కొవ్వే ఆధారం.

మిర్గం చుట్టుపక్కల మొదటి గట్టి వాన పడగానే బయటికొస్తుంది. ఆ రాత్రి నీళ్లు నిలిచిన గుంటల దగ్గర అరుపులు వినండి, యూపెరోడాన్ మగవి ఉబ్బి నీళ్ల మీద తేలుతూ అరుస్తాయి. గుడ్లు ఆ గుంటలోనే పెడతాయి. చేపలుండే చెరువుకన్నా కొన్నాళ్లే ఉండే గుంటే పిల్లలకు భద్రం, కానీ అది ఎండిపోయేలోపు తోకకప్పలు కప్పలైపోవాలి. అందుకే ఒక మంచి వాన తర్వాత పది పదిహేను రోజులు ఎండ కాస్తే ఒక తరమంతా పోతుంది. మన పెద్దలు వానల కోసం రోకలికి కప్పను కట్టి కప్పతల్లి ఆడటంలో ఈ చూపు ఉందని నేను నమ్ముతాను. ఆట అయ్యాక ఆ కప్పను విప్పి, నీడలో తడి మట్టిపై వదలండి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది గడ్డి మందు. పత్తి విత్తే ముందు కొడతాం, సరిగ్గా అప్పుడే ఇవి పైకొస్తాయి. నీళ్లు పీల్చే చర్మం మందును కూడా పీల్చుకుంటుంది. కనీసం గుంటల చుట్టూ, గట్ల మీద కొట్టకండి. చెదలు తినే జీవం మన చెలకలో ఉండటం మనకే లాభం.

ఇక మీ కప్ప సంగతి. చేతులు నీళ్లతో తడిపి పట్టుకోండి, అది విషం చిమ్మదు, కరవదు. పునాదికి దూరంగా, చెట్టు నీడలో అడుగు లోతు గుంట తీసి, కొంచెం నీళ్లు పోసి, మెత్తని మట్టి పైన సాయంత్రం వదలండి. తవ్వుకోవడం దానికి వచ్చు. చెలకలో నీళ్ల కోసం తవ్విన కుంటకు (ఫారం పాండ్) ప్లాస్టిక్ షీటు వేసి ఉంటే, ఒక గోనెసంచి పట్టీని గట్టు మీద రాయికి కట్టి నీళ్లలోకి వేలాడదీయండి, పడ్డవి దాన్ని పట్టుకుని ఎక్కుతాయి.