స్పెయిన్ ఫుట్‌బాలర్, కోచ్ షాబి అలోన్సో మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ముందు చిన్న విషయం. పేరు క్సాబి అని రాశావు, అది ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ భాష పేరు, షాబి అని పలుకుతారు, సరిచేసెయ్. ఇక అసలు సంగతి: నువ్వు రాసింది మనిషి గురించి కాదు, అతని షోకేసు గురించి. 2010 ప్రపంచకప్, 2008, 2012 యూరో కప్పులు, లివర్‌పూల్‌తో ఒక చాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల అతిపెద్ద కప్పు), రియల్ మాడ్రిడ్‌తో ఇంకోటి... అన్నీ ఉన్నాయి, తప్పుల్లేవు, కానీ మూడో పేరాకే నాకు ఆవలింతొచ్చింది. ఈ చిట్టా ఎవరైనా ఫోన్‌లో చూసుకుంటారు కదా.

అసలు మిడ్‌ఫీల్డర్ మీద రాయడమే కష్టం. గోల్ కొట్టినవాడికి చప్పట్లు పడతాయి, మధ్యలో నిలబడి బంతి ఎటు పోవాలో తేల్చేవాడి పని టీవీలో సగం కనపడదు. అందుకే నువ్వు లివర్‌పూల్ ఆడిన 2005 ఇస్తాంబుల్ చాంపియన్స్ లీగ్ ఫైనల్‌ని పట్టుకున్నావు. మిలాన్ మీద 0-3 నుంచి 3-3కి వచ్చిన మ్యాచ్, ఆ మూడో గోల్ ఇతనిదే, పెనాల్టీని మిలాన్ గోల్‌కీపర్ దీదా ఆపేస్తే వెనక్కొచ్చిన బంతిని మళ్లీ తన్ని లోపలికి పంపాడు. రాయి, కాదనను. కానీ దాంతో మొదలుపెట్టకు, అందరూ అక్కడే మొదలుపెడతారు. ఏదైనా పాత మ్యాచ్ పెట్టుకుని, బంతిని వదిలేసి, ఇతన్ని మాత్రమే చూడు. బంతి కాలి దగ్గరికి రాకముందే తల తిప్పి వెనకాల ఎవరున్నారో చూసుకుంటాడు. ఇంగ్లండ్‌లో కుర్రాళ్లు తమ బలం టాక్లింగ్, అంటే ఎదుటివాడి కాళ్ల దగ్గర బంతి లాక్కోవడం, అని చెప్పుకుంటుంటే ఇతనికి వింతగా ఉండేదట. టాక్లింగ్ అనేది వేరే దారి లేనప్పుడు చేసే పని అని అతని లెక్క. తర్వాత కాబోయే కోచ్ ఆ మాటలోనే ఉన్నాడు. నీ వ్యాసంలో అది లేదు!

2017లో జర్మన్ క్లబ్ బయెర్న్‌లో ఆట మానేసిన దగ్గర్నుంచి 2022లో ఇంకో జర్మన్ క్లబ్ లెవర్కుసెన్‌కి కోచ్‌గా వెళ్లేదాకా ఐదేళ్లని "కొంతకాలం తర్వాత" అని తేల్చేశావు. నీ కథ ఉన్నదే అక్కడ. ప్రపంచకప్ గెలిచి, బెనితెజ్, మొరీన్యో, ఆంచెలొత్తి, గ్వార్డియోలా లాంటి పెద్ద కోచ్‌ల దగ్గర ఆడొచ్చినవాడు మాడ్రిడ్‌లో పద్నాలుగేళ్ల లోపు పిల్లల కోచ్‌గా మొదలయ్యాడు. తర్వాత తను పెరిగిన సాన్ సెబాస్టియన్‌లో, రియల్ సొసియెదాద్ రెండో జట్టుతో మూడేళ్లు. 2021లో వాళ్లని రెండో డివిజన్‌కి ఎక్కించాడు, ఏడాది తిరక్కుండానే జట్టు మళ్లీ కిందికి దిగిపోయింది. ఆ దిగిపోవడాన్ని నువ్వు చూడలేదా, దాచావా? ఓటమి రాస్తే హీరో చిన్నబోతాడని భయమా? నేనూ మొదట్లో అంతే. ఒక రంగస్థల నటుడి మీద రాస్తూ, ఆయన పద్యం మధ్యలో మర్చిపోయిన రాత్రిని మర్యాదగా తీసేశాను. ఆయనే చదివి, "అదేదయ్యా?" అని అడిగారు.

లెవర్కుసెన్ దగ్గరా అదే తొందర. అక్టోబర్‌లో ఇతను వెళ్లేసరికి జట్టు పట్టికలో కింది నుంచి రెండోది. నువ్వు నేరుగా 2023-24కి దూకేశావు: 34 లీగ్ మ్యాచ్‌లు, 28 గెలుపులు, 6 డ్రాలు, ఒక్క ఓటమీ లేదు. ఈ అంకెలు ఎంత పెద్దవో పాఠకుడికి ఎలా తెలుస్తుంది? 2002 చెప్పు. ఆ మే నెలలో కొద్దిరోజుల తేడాతో లీగ్, జర్మన్ కప్, చాంపియన్స్ లీగ్ మూడూ చేజారి, మూడింట్లోనూ రెండో స్థానంతో మిగిలిన క్లబ్ అది. ఎప్పుడూ రెండోవాళ్లే అని ఎగతాళిగా ఒక పేరు కూడా పెట్టేశారు. అది చదివాక, మొదటి లీగ్ టైటిల్ ఖాయమైన రోజు జనం మైదానంలోకి ఎందుకు దూకారో నువ్వు విడిగా వివరించక్కర్లేదు. అన్నట్టు, డబ్లిన్‌ని కూడా వదలకు. వరుసగా 51 మ్యాచ్‌లు ఓడని జట్టు అక్కడ యూరోపా లీగ్ (యూరప్ క్లబ్బుల రెండో స్థాయి కప్పు) ఫైనల్లో ఇటలీ క్లబ్ అటలాంటా చేతిలో 0-3తో ఓడింది. మూడు రోజులకే బెర్లిన్‌లో జర్మన్ కప్ గెలిచింది. ఆ మూడు రోజుల మీద ఒక పేరా రాయి.

నాలుగు పేజీలని రెండు చెయ్. "మైదానంలో మాంత్రికుడు" అన్న హెడ్డింగ్ పీకెయ్. కప్పుల చిట్టా ఉండాల్సిందే అంటావా, చివర్లో బాక్స్ కట్టి పెట్టుకో. ఆదివారంలోపు పంపితే చూస్తాను, సోమవారం నుంచి ఊళ్లో ఉండను.