బీటెక్ కంప్యూటర్స్ చదివి తొలినాటి విశ్వం మీద రీసెర్చ్ చేయొచ్చా?

బీటెక్ కంప్యూటర్స్ మూడో ఏడు, ఫిజిక్స్ ఇంటర్‌తోనే ఆగిపోయింది, తొలినాటి విశ్వం సిమ్యులేషన్ల మీద పీహెచ్‌డీ చేయాలనుంది, కోడింగ్ వస్తే సరిపోతుందా అని అడిగారు. చేయొచ్చు, నేనూ బీటెక్ నుంచే వచ్చాను. కోడింగ్ ఒక్కటీ చాలదు. అదే ధీమాతో చేరాను, మొదటి ఏడాదిలోనే దిగిపోయింది.

పనేంటంటే, బిగ్ బ్యాంగ్ తర్వాత సుమారు 3.8 లక్షల ఏళ్ళకి ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు కలిసి హైడ్రోజన్ అయింది, ఆపైన నక్షత్రాలు పుట్టేదాకా చీకటే. మొదటి నక్షత్రాలు వెలిగాక వాటి అతినీలలోహిత కాంతి చుట్టుపక్కల హైడ్రోజన్‌ని మళ్ళీ విడగొట్టుకుంటూ పోయింది, బుడగలు బుడగలుగా. వంద కోట్ల ఏళ్ళు వచ్చేసరికి ఆ పని దాదాపు అయిపోయింది. ఆ బుడగలు ఎలా పెరిగి కలిసిపోయాయో మేం కంప్యూటర్‌లో కట్టి చూస్తాం. మిగిలిన హైడ్రోజన్ పంపే 21 సెంటీమీటర్ల రేడియో తరంగం మన దాకా వచ్చేసరికి సాగిసాగి రెండు మూడు మీటర్లవుతుంది, అంటే కొంత భాగం సరిగ్గా మన ఎఫ్ఎం స్టేషన్లున్న చోటే పడుతుంది, ఇక చూడండి టెలిస్కోపు వాళ్ళ తిప్పలు.

మీ చదువు పనికొచ్చేది మెమరీ దగ్గర. విశ్వంలో ఒక ముక్కని ఘనాకారపు బాక్స్‌గా తీసుకుని పక్కకి 1024 చొప్పున పెడితే 107 కోట్ల కణాలు, ఒక్కోదానికి 32 బైట్లు వేసుకున్నా ఒక్క స్నాప్‌షాట్‌కే, అంటే ఒక్క క్షణంలోని స్థితిని దాచడానికే, 34 జీబీ. పక్కకి రెట్టింపు చేస్తే ఎనిమిదింతలు. క్లస్టర్‌లో, అంటే కలిపి నడిపే కంప్యూటర్ల గుంపులో, జాబ్ పెట్టి, క్యూలో నాలుగు రోజులు కాచుకుని, తీరా నడిచాక డిస్క్ నిండి చచ్చిపోతే వచ్చే ఏడుపు వేరే.

కానీ నన్ను ముంచింది అది కాదు. నా పవర్ స్పెక్ట్రమ్, అంటే ఏ సైజు దగ్గర పదార్థం ఎంత హెచ్చుతగ్గులుగా ఉందో చూపే గీత, పేపర్లలో అచ్చయిన గీతకి దాదాపు మూడు రెట్లు తేడా వచ్చింది. మూడు వారాలు ఎంపీఐని (పనిని చాలా ప్రాసెసర్లకి పంచే లైబ్రరీ) అనుమానించాను, ఫోరియర్ కోడ్ రెండుసార్లు తిరగరాశాను. చివరికి మా సీనియర్ అక్క టీ తాగుతూ "బాక్స్ సైజులో హెచ్ ఉందా, తీసేశావా?" అంది. ఈ రంగంలో దూరాలని, విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందో చెప్పే హబుల్ స్థిరాంకంలోని హెచ్‌తో కలిపి రాసే పాత అలవాటు ఉంది, దాని విలువ 0.68 దగ్గర. ఈ స్పెక్ట్రమ్‌కి ఘనపరిమాణం యూనిట్ కాబట్టి 0.68 ఘనం, 0.31. అదే నా మూడు రెట్లు! కోడ్‌లో తప్పు లేదు, అందుకే ఏ డీబగ్గర్‌కీ దొరకలేదు.

ఇంకో సంగతి. 2018లో ఎడ్జెస్ అనే రేడియో ప్రయోగం వాళ్ళు 78 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ తొలి హైడ్రోజన్ సిగ్నల్ ఒక గుంటలా దొరికిందన్నారు, అనుకున్నదానికి రెట్టింపుకి పైగా లోతు. దాన్ని వివరించే మోడళ్ళు కుప్పలుగా వచ్చాయి, కృష్ణ పదార్థానికి (డార్క్ మ్యాటర్) కొత్త గుణాలు అంటగట్టినవి కూడా. బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు సారస్-3 యాంటెన్నాని కర్ణాటకలో నీళ్ళ మీద తేలుతూ ఉంచి వెతికారు, 2022లో అలాంటిదేమీ లేదని తేల్చారు. నా మట్టుకు నాకు అది పెద్ద పాఠం. మీటలు, అంటే పారామీటర్లు, అటూ ఇటూ తిప్పితే సిమ్యులేషన్ ఏదైనా ఇస్తుంది, ఏ మీట ఎంతవరకు తిప్పొచ్చో ఫిజిక్స్ చదవకుండా తెలియదు.

కాబట్టి ఈ ఏడాది స్టాటిస్టికల్ మెకానిక్స్, ఫోరియర్ గట్టిగా పట్టండి. ఈ బుడగల్ని సిమ్యులేట్ చేసే 21సీఎంఫాస్ట్ అని ఉచిత కోడ్ ఉంది, పక్కకి 128 గదుల బాక్స్ లాప్‌టాప్‌లోనే నడుస్తుంది. ఒక్క పారామీటర్ మార్చి, రన్ కొట్టేముందే ఏం మారుతుందో కాగితం మీద రాసుకోండి. మీరు రాసుకున్నదీ రన్‌లో వచ్చిందీ ఎందుకు కలవలేదో అర్థం కాకపోతే ఇక్కడే కామెంట్లో పెట్టండి, చూస్తాను.