చీటీ ఎత్తి హోమ్ థియేటర్ కొనాలా? కడప నుంచి ఒక ప్రశ్న

ప్రశ్న: మాది కడప. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఇద్దరిదీ కలిపి నెలకు 46 వేలు వస్తుంది. మే నెలలో మాత్రం స్కూలు సగం జీతమే ఇస్తుంది, అప్పుడు 31 వేలే. ఇంటి లోను కంతుతో కలిపి నెల ఖర్చు 38 వేలు. లక్ష రూపాయల చీటీకి నెలకు 5 వేలు కడుతున్నాను. రిజిస్టర్డ్ కంపెనీదే, 20 నెలల చీటీ, ఇప్పుడు 8వ నెల. బ్యాంకులో 45 వేలు ఉన్నాయి. మా 16 × 12 అడుగుల హాలులోకి 5.1.2 హోమ్ థియేటర్ (ఏడు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) కొనాలని నా కోరిక. షాపులో నగదుకైతే 79 వేలు, నో కాస్ట్ ఈఎంఐలో అయితే నెలకు 7 వేల చొప్పున 12 నెలలు అన్నారు. ఇందులో రిసీవర్ (స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే పెట్టె) ఒక్కటే 42 వేలు. ఈ నెల చీటీ పాడితే 82 వేలు చేతికొస్తాయి. చీటీ ఎత్తాలా, ఈఎంఐకి పోవాలా? సౌండ్‌బార్ (టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకరు) చాలదా అని మా ఆవిడ అంటోంది. పాప ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చింది. మా అమ్మకు 71 ఏళ్లు, టీవీలో మాటలు అర్థం కావడం లేదంటుంది.

జవాబు: సార్, మీరు చివర్లో రాసిన మాట నుంచే మొదలుపెడతాను. అమ్మగారికి టీవీలో మాటలు అర్థం కావడం లేదన్నారు. ఎదురుగా కూర్చుని మాట్లాడినా ‘ఆఁ?’ అని మళ్లీ అడుగుతున్నారేమో గమనించండి. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు తగ్గేది సన్నటి పై స్వరాలు. స, ష, త, చ లాంటి అక్షరాల పదును పోతుంది. శబ్దం వినిపిస్తూనే ఉంటుంది, మాట మాత్రం తెలియదు. ఎంత మంచి స్పీకరైనా దాన్ని పూర్తిగా సరిచేయలేదు. కాబట్టి ఏదైనా కొనేముందు కడప రిమ్స్ ఆసుపత్రిలో ఈఎన్‌టీ విభాగానికి తీసుకెళ్లి ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష చేయించండి.

చెవి బాగానే ఉంటే తప్పు టీవీది, మీ హాలుది. ఇప్పటి పలుచని టీవీల్లో స్పీకర్లు కింది వైపో వెనక వైపో ఉంటాయి. అక్కడి నుంచి వచ్చే మాట గోడకు తగిలి మన దగ్గరికి వస్తుంది. మీది 16 × 12 అడుగుల హాలు, నేల మీద కడప బండలుంటాయి అనుకుంటున్నాను, మన వైపు ఇళ్లన్నీ దాదాపు అంతే. ఎండాకాలం ఆ బండల మీద పడుకుంటే ప్రాణం లేచొస్తుంది కానీ, ధ్వనికి అవి అద్దం లాంటివి. పైన స్లాబు, చుట్టూ ప్లాస్టరింగ్ గోడలు. ప్రతి మాటా నాలుగు వైపులా కొట్టుకుని, ఒకదాని మీద ఒకటి పడి మసకబారుతుంది. సోఫా ముందు ఒక మందపాటి జంపఖానా పరవండి, కిటికీలకు బరువైన పరదాలు వేయండి. టీవీ సెట్టింగుల్లో మాటలు స్పష్టంగా వినిపించే మోడ్ ఉంటే పెట్టండి, సరౌండ్ మోడ్ ఆపేయండి. రెండు మూడు వేలలో అయిపోయే పని ఇది. రేపు ఎంత ఖరీదైన సెట్టు తెచ్చినా ఈ జంపఖానా లేకపోతే దాని విలువ సగమే తెలుస్తుంది.

ఇక డబ్బు సంగతి. చీటీ ఎత్తద్దు. లెక్కల సార్‌కు నేను లెక్క చెప్పడం సాహసమే అయినా, ఇది మీరు కాగితం మీద వేసి చూడాల్సిన లెక్క. ఈ నెల పాడితే మీకు వచ్చేది 82 వేలు. చివరి నెల దాకా ఆగితే, కంపెనీ కమిషన్ 5 శాతం అనుకుంటే అది పోను 95 వేలు వస్తాయి. మిగతా నెలల్లో కట్టాల్సింది మాత్రం రెండు దారుల్లోనూ ఒకటే. అంటే 82 వేలు పన్నెండు నెలలు ముందుగా తీసుకున్నందుకు మీరు 13 వేలు వదులుకుంటున్నారు. అది ఏడాదికి దాదాపు 16 శాతం వడ్డీ. చీటీ ఎత్తినప్పుడు మన డబ్బే మనకొచ్చినట్టు ఉంటుంది, అప్పు చేసిన బాధ ఉండదు. అందుకే చాలామంది ఈ వడ్డీని గమనించరు. ఆ 13 వేలతో మాటలు పలికే ఒక మంచి సెంటర్ (మధ్య) స్పీకర్ వస్తుంది.

ఒక్క షరతు. మీది రిజిస్టర్డ్ చీటీ కాబట్టే చివరిదాకా ఆగమంటున్నాను. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద నడిచే చీటీలో కంపెనీ సెక్యూరిటీ పెట్టాలి, కమిషన్‌కు పరిమితి ఉంది (2019 సవరణతో అది 5 నుంచి 7 శాతానికి పెరిగింది). తెలిసినవాళ్లు ఇంటి దగ్గర నడిపే చీటీ అయితే చివర మిగిలినవాళ్లకే ప్రమాదం ఎక్కువ. అప్పుడు నా సలహా వేరేగా ఉండేది. మీ పాస్‌బుక్ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో ఈ రోజే చూసుకోండి.

నో కాస్ట్ ఈఎంఐ పేరులో ఉన్నంత ఉచితం లేదు. సున్నా వడ్డీ పథకాల్లో వడ్డీని వేరే పేర్లతో దాచిపెడుతున్నారని రిజర్వ్ బ్యాంక్ 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు గట్టిగా చెప్పింది. మీ కొటేషన్‌లోనే చూడండి: నగదు 79 వేలు, కంతులు కలిపితే 84 వేలు. తేడా 5 వేలే కదా అనిపిస్తుంది. కానీ మీరు నెలనెలా తీరుస్తూ పోతారు, మొత్తం అప్పు ఏడాదంతా మీ దగ్గర ఉండదు. ఆ లెక్కన వడ్డీ ఏడాదికి 11 శాతం దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, క్రెడిట్ కార్డు అయితే వడ్డీ మీద జీఎస్టీ, ఇవి అదనం.

వడ్డీ కంటే నాకు ఎక్కువ భయం వేసింది మీ మే నెల చూసి. మామూలు నెలలో ఖర్చు 38 వేలు, చీటీ 5 వేలు పోతే మీకు మిగిలేది 3 వేలు. 7 వేల కంతు ఎక్కడి నుంచి వస్తుంది? మేలో అయితే వచ్చేదే 31 వేలు, ఇంటి ఖర్చుకే 7 వేలు తక్కువ. ప్రతి ఎండాకాలం బ్యాంకులో ఉన్న ఆ 45 వేల నుంచే కొంచెం కొంచెం తీస్తున్నారని నా అనుమానం. జీతం సగమైనా బ్యాంకు కంతు సగం కాదు. ఒక్క కంతు తప్పినా జరిమానా పడుతుంది, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. వచ్చే ఏడాది పాపకు విద్యా రుణం కావాల్సి వస్తే ఆ స్కోరే చూస్తారు. ఆ టెన్షన్ మీ ఇంటికి వద్దు.

కోరిక మానుకోమని చెప్పడం లేదు సార్. ఏళ్ల తరబడి ఇంట్లో అందరి అవసరాలూ చూసి, ఇప్పుడు ఒకటి అడుగుతున్నారు. నేను మార్చమంటున్నది కొనే క్రమం. స్పీకరు ఒక పెట్టె, ఒక కోను, ఒక అయస్కాంతం. బాగా చూసుకుంటే 15, 20 ఏళ్లు పాడుతుంది. రిసీవర్‌లో ఉన్నది ఎలక్ట్రానిక్స్. కొత్త హెచ్‌డీఎంఐ, కొత్త ఫార్మాటు వచ్చిన కొద్దీ పాతబడుతుంది, వేడికి, కరెంటు హెచ్చుతగ్గులకు ముందు పోయేదీ అదే. మీ కొటేషన్‌లో 79 వేలలో 42 వేలు ఆ రిసీవర్‌కే పోతున్నాయి. ఏడు స్పీకర్లకూ, బరువైన కింది శబ్దాలు పలికే సబ్‌వూఫర్‌కూ కలిపి మిగిలింది 37 వేలు. ఎక్కువ కాలం ఉండేవాటికి తక్కువ, తొందరగా పాతబడేదానికి ఎక్కువ పెడుతున్నారు. దీన్ని తిప్పి వేయండి.

నేను మొదటిసారి కొన్నది అన్నీ ఒకే పెట్టెలో వచ్చే సెట్టు. వారంటీ అయిపోయిన కొన్నాళ్లకు దాని బోర్డు కాలిపోయింది. స్పీకర్లు ఐదూ బాగానే ఉన్నాయి, కానీ వాటి ప్లగ్గులు వేరే ఏ ఆంప్లిఫయర్‌కూ పట్టవు, పైగా 3 ఓమ్‌ల స్పీకర్లు (ఓమ్ అంటే కరెంటుకు స్పీకరు ఇచ్చే నిరోధం, అది మరీ తక్కువైతే మామూలు ఆంప్లిఫయర్‌కు భారం). బాగున్న ఐదు స్పీకర్లను పాత సామానుకు వేయాల్సి వచ్చింది. అందుకే మామూలు వైరు పట్టే, 6 లేదా 8 ఓమ్‌ల స్పీకర్లే తీసుకోమంటాను.

5.1 అంటే ముందు ఎడమ, కుడి, మధ్య మూడు, పక్కల్లో రెండు, ఆ పాయింటు ఒకటి సబ్‌వూఫర్. చివర ఉన్న 2 డాల్బీ అట్మాస్ కోసం, అంటే పైనుంచి కూడా శబ్దం వచ్చే పద్ధతి కోసం పెట్టేవి. ఈ బడ్జెట్‌లో ఆ రెండూ వదిలేయండి. మామూలు టీవీ చానళ్లలో అట్మాస్ రాదు, నెట్‌ఫ్లిక్స్‌లో కావాలంటే ప్రీమియం ప్లాన్ కట్టాలి. అంటే అది నెలనెలా ఇంకో ఖర్చు తెచ్చే స్పీకరు. సినిమాలో మాటల్లో ఎక్కువ భాగం వచ్చేది మధ్య స్పీకర్‌లోంచి. అమ్మగారికి కావాల్సింది అదే. ముందు మూడింటినీ ఒకే కంపెనీ, ఒకే సిరీస్‌లో, ఒకేసారి కొనండి, మూడింటి గొంతూ ఒకటిగా ఉంటుంది. పక్క స్పీకర్లు తర్వాత వేరేవి తెచ్చినా పెద్దగా తెలియదు. నిలువెత్తు టవర్లు అక్కర్లేదు. సబ్‌వూఫర్ ఎలాగూ వస్తుంది కాబట్టి 80 హెర్ట్జ్ కింది శబ్దం అది చూసుకుంటుంది, బుక్‌షెల్ఫ్ రకం చాలు.

వాట్లు చూసి మోసపోవద్దు. పెట్టె మీద వేలల్లో రాసే పీఎంపీఓకు (క్షణకాలపు గరిష్ఠ వాట్లకు) అర్థం లేదు, ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇచ్చే వాట్లు) అడగండి. దానికంటే సెన్సిటివిటీ అంకె చూడండి, ఒక్క వాటుకు స్పీకరు ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పేది అదే. 88 డెసిబెల్స్ స్పీకరు ఒక్క వాటుతో పది అడుగుల దూరంలో కూడా ఇంట్లో అందరూ తిరిగి చూసేంత గట్టిగా పలుకుతుంది. 91 డెసిబెల్స్‌ది అయితే అంతే శబ్దానికి సగం పవరు చాలు. మీ హాలుకు అంతకంటే బలం కొనడం డబ్బు దండగ.

మేడం అడిగిన సౌండ్‌బార్ మాట తీసిపారేసేది కాదు. ఇల్లు సొంతది కాకపోతేనో, అమ్మగారి మాటల ఇబ్బంది ఒక్కటే అయితేనో, మధ్య చానల్ విడిగా ఉన్న సౌండ్‌బార్ కొనుక్కోమనే చెప్పేవాణ్ణి. మీకు సినిమా ఇష్టం, సొంత ఇల్లు, ఏడాది ఆగే ఓపిక ఉంది. అందుకే విడి స్పీకర్ల వైపే నా మొగ్గు.

ఇప్పుడు వరస. వచ్చే జూన్‌కు చీటీ 95 వేలు చేతికొస్తుంది. సరిగ్గా అప్పుడే పాప ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు, కౌన్సెలింగ్, సీటు ఎక్కడొస్తుందో, హాస్టల్ ఉంటుందో లేదో తేలే సమయం. ఆ హడావిడి తీరేదాకా ఒక్క రూపాయి కూడా కదపకండి. 40 వేలు ఎఫ్‌డీలో వేయండి, 55 వేలు పక్కన పెట్టండి. అడ్మిషన్ అయిపోయి, డబ్బు మిగిలి ఉంటే దసరాకు మొదటి విడత: ముందు మూడు స్పీకర్లకు 28 నుంచి 30 వేలు, పోయిన ఏడాది మోడల్ 5.1 రిసీవర్‌కు 25 నుంచి 27 వేలు. ఫీజుకు ఆ డబ్బు అవసరమైతే కొనడం సంక్రాంతికి జరుగుతుంది. ఆ ధరలో దొరక్కపోతే రిసీవర్ దగ్గర తగ్గండి, స్పీకర్ల దగ్గర తగ్గకండి.

చీటీకి కట్టే 5 వేలు మాత్రం చీటీ అయిపోయాక కూడా ఆపొద్దు. 3 వేలు అత్యవసర నిధికి, 2 వేలు విడిగా ఒక ఆర్‌డీలో. తొమ్మిది నెలలకు ఆర్‌డీలో 18 వేలు అవుతాయి, ఉగాది చుట్టుపక్కల సబ్‌వూఫర్. ఇంకో నాలుగు నెలలకు 8 వేలు, పక్క స్పీకర్లు. పాప ఫీజుకు ముట్టుకోవాల్సి రాకపోతే, ఉగాది నాటికి బ్యాంకులో లక్షా 12 వేలు (ఇప్పుడున్న 45, ఎఫ్‌డీ 40, అత్యవసర నిధి 27) ఉంటాయి, దాదాపు మూడు నెలల ఖర్చు. ప్రైవేటు ఉద్యోగానికి అది కూడా తక్కువే, ఆ 3 వేలు ఆ తర్వాతా సాగాలి.

టీవీ కూడా మార్చమని షాపులో అంటే ఒప్పుకోకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిన మాట నిజమే, కానీ పన్ను తగ్గిందని అవసరం పుట్టదు. మీ టీవీ వెనక ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని బయటికి పంపేది) అని రాసిన హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే ఒక్క కేబుల్‌తో రిసీవర్‌కు కలుస్తుంది. స్పీకర్ వైరు 16 గేజ్ అసలు రాగిది చాలు. రాగి పూత పూసిన అల్యూమినియం అంటగడతారు, చివర గీకి చూడండి. రిసీవర్‌ను అద్దాల షోకేసులో మూసి పెడితే మన ఎండలకు ఎక్కువ కాలం నిలవదు. పైన నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. సెంటర్ స్పీకర్‌ను అల్మరా లోపలికి తోసేయకుండా అంచుదాకా లాగి, అమ్మగారు కూర్చునే చోటు వైపు కొద్దిగా పైకి వంచి పెట్టండి.

ఆడియోగ్రామ్ రిపోర్టు వచ్చాక నాకు మళ్లీ రాయండి. ఒకవేళ హియరింగ్ ఎయిడ్ పెట్టాలంటే, దసరాకు అనుకున్న 55 వేలలో మొదటి వాటా దానిదే. అప్పుడు ఈ లెక్క కొత్తగా వేసుకుందాం.