కొత్త కరెన్సీ గుర్తును బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేర్చేటప్పుడు

బెంగళూరు

చిరంజీవికి మేనమామ ఆశీస్సులు.

మీ కంపెనీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో సౌదీ రియాల్ కొత్త గుర్తును చేర్చే పని నీకు అప్పగించారని అమ్మ చెప్పింది. రూపాయి గుర్తు వచ్చిన రోజుల్లో ఈ ఊళ్లోనే ఆ పని చేసినవాణ్ణి కనుక, తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు, డేటాబేస్‌లో గుర్తును దాచవద్దు. డబ్బు మొత్తాన్ని ఒక కాలమ్‌లో, ఎస్ఏఆర్ (సౌదీ రియాల్), ఐఎన్ఆర్ (రూపాయి) వంటి, కరెన్సీలకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ఇచ్చిన మూడక్షరాల కోడ్‌ను మరో కాలమ్‌లో ఉంచి, గుర్తును తెర మీద చూపేటప్పుడు మాత్రమే జతచెయ్యి. 2010 జులై 15న ఉదయకుమార్ రూపొందించిన ₹ను కేంద్ర మంత్రివర్గం ఆమోదించినప్పుడు కూడా ఐఎన్ఆర్ కోడ్ మారలేదు.

ఇక ఫాంట్ల విషయంలో తొందర పనికిరాదు. ప్రతి అక్షరానికీ, గుర్తుకూ ఒక సంఖ్య కేటాయించే ప్రపంచ ప్రమాణమైన యూనికోడ్‌లో రూపాయి గుర్తు చేరిన 6.0 వెర్షన్ ఆ అక్టోబరులో వచ్చేదాకా ఆగలేక, ట్యాబ్ మీటకు పైనున్న మీట మీది చిన్న వాలుగీత స్థానంలో రూపాయి బొమ్మను పెట్టిన ఫాంట్లను చాలామంది వాడారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఇన్‌వాయిస్ తెరిస్తే అంకె ముందు రూపాయికి బదులు ఆ వాలుగీతే కనిపించేది. రియాల్ గుర్తును 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. యూనికోడ్‌లో దానికి స్థానం దొరికింది మాత్రం సెప్టెంబరులో వచ్చిన 17.0లోనే. పాత ఫోన్లలో అది ఖాళీ డబ్బాగా కనిపిస్తుంది కాబట్టి, ఆ గుర్తు ఉన్న ఫాంట్‌ను నువ్వే అందించు. అది కుదరని చోట ఎస్ఏఆర్ అనే అక్షరాలే చూపించు. పీడీఎఫ్‌లోనూ ఫాంట్‌ను పొదగాల్సిందే.

అసలు చిక్కులు తెర దాటాకే వస్తాయి. ఎస్ఎంఎస్‌ల ఏడు బిట్ల అక్షరాల పట్టికలో యూరో ఉంది కానీ రూపాయి గుర్తు లేదు, రియాల్ గుర్తూ లేదు. అలాంటి గుర్తు ఒక్కటి చేరినా 160 అక్షరాలు పట్టే సందేశం 70కి కుదించుకుపోయి, మిగిలినది రెండో సందేశంగా వెళ్లి ఖర్చు పెరుగుతుంది. కామాలతో విడదీసిన పట్టిక, అంటే సీఎస్‌వీ ఫైలును, ఎక్సెల్ వేరే ఎన్‌కోడింగ్‌గా (అక్షరాలను అంకెలుగా దాచే వేరే పద్ధతిగా) పొరబడితే ₹ ఉన్న చోట మూడు పిచ్చి అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. దుకాణాల్లో బిల్లులు ముద్రించే థర్మల్ ప్రింటర్ల కోడ్ పేజీల్లో, అంటే వాటిలో ముందే ఉండే అక్షరాల పట్టికల్లో, కొత్త గుర్తులు సాధారణంగా ఉండవు. అక్కడ గుర్తును బొమ్మగా పంపాలి, లేదా అక్షరాలతో సరిపెట్టుకోవాలి.

అరబిక్ బిల్లులో రాత కుడి నుంచి ఎడమకు నడిచినా అంకెలు ఎడమ నుంచి కుడికే సాగుతాయి కాబట్టి, గుర్తు అంకెకు ఏ పక్కన నిలుస్తోందో ప్రతి పేజీలోనూ నీ కళ్లతో చూసుకో. ముందుగా ఖాతాదారు వాడే ప్రింటర్ మోడల్ ఏదో కనుక్కొని, దాని మీదే ఒక బిల్లు తీయించి, ఫోటో నాకు పంపు.

ఇట్లు,
నీ మేనమామ