సెకండ్ హ్యాండ్ వస్తువుల యాప్ డిజైన్ చేసేటప్పుడు ముందు ఏం చూసుకోవాలి?

ఇంట్లో వాడిన సామాన్లు అమ్ముకునే, కొనుక్కునే మొబైల్ యాప్ డిజైన్ చేస్తున్నానని, హోమ్ స్క్రీన్, కేటగిరీలు అయిపోయాయని, ఇంకా ఏం చూసుకోవాలని అడిగారు. నేను హైదరాబాద్‌లో ఇలాంటి యాప్ చేసిన ఒక చిన్న టీమ్‌లో డిజైనర్‌గా పనిచేశాను. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, మంచాలు, బీరువాలే మాకు ఎక్కువగా వచ్చేవి. హోమ్ స్క్రీన్ ఎలా ఉన్నా నడుస్తుంది. కొనేవాళ్లు ‘ఉందా అండీ?’ అని మెసేజ్ పెట్టిన దగ్గర్నుంచి సామాను ట్రాలీ ఆటో ఎక్కేదాకా జరిగే తంతును ముందు డిజైన్ చేయండి. బేరాలు చెడేది అక్కడే.

ముందుగా ఫొటోల సంగతి. చాలా యాప్‌లు ‘ఫొటోలు పెట్టండి’ అని ఊరుకుంటాయి. కూకట్‌పల్లిలో ఒకావిడ ఫ్రిజ్ అమ్మకానికి పెడుతుంటే పక్కనే కూర్చుని చూశాను. తలుపు మీద మరకలు శుభ్రంగా తుడిచి, ముందు నుంచే నాలుగు ఫొటోలు తీశారు. నాలుగూ ఒకేలా ఉన్నాయి. వెనకవైపు కూడా తీయండి ఆంటీ అంటే, “వెనకేముంటుంది బాబూ, దుమ్ము తప్ప” అన్నారు. కొనేవాళ్లు అడిగేవన్నీ ఆవిడ తీయని చోటే ఉన్నాయి. మోడల్ నంబరు ఉన్న స్టిక్కర్, తలుపు చుట్టూ ఉండే రబ్బరు, కింద కంప్రెసర్ దగ్గర తుప్పు పట్టిందా లేదా అన్నది, లోపల లైటు వెలుగుతోందా అన్నది. అందుకని మా యాప్‌లో కెమెరా స్క్రీనే ఒక్కొక్కటీ అడిగేది: ‘ఇప్పుడు తలుపు తెరిచి రబ్బరు చూపించండి’, ‘ఇప్పుడు స్టిక్కర్ దగ్గరగా తీయండి’. వాషింగ్ మెషీన్ అయితే డ్రమ్ తిరుగుతుండగా చిన్న వీడియో. మంచమైతే పొడవు, వెడల్పు, విప్పడానికి వస్తుందా రాదా. ఒక్కో సామానుకు ఈ ప్రశ్నలు వేరు. డిజైన్‌లో అసలు శ్రమ ఇదే, దీనికి ఎంత టైమ్ పెట్టినా దండగ కాదు.

‘ఏమైనా పాడైందా?’ అన్న ప్రశ్నను తప్పనిసరి చేయండి, దానికి ఫొటో కూడా అడగండి. అమ్మేవాళ్లు మొదట్లో భయపడతారు, గీత చూపిస్తే ఎవరు కొంటారని. నేను చూసినంతలో జరిగేది దానికి రివర్స్. సొట్ట ముందే చూసి వచ్చినవాళ్లకు గుమ్మంలో బేరమాడటానికి కొత్తగా దొరికేదేమీ ఉండదు. దాచిపెట్టినప్పుడే కింద ఆటో ఆపి ఉంచి వెయ్యి తగ్గించమంటారు.

పాత ఫోన్లు కూడా పెట్టనిస్తే ఇంకొక జాగ్రత్త కావాలి. *#06# నొక్కితే ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్‌ను గుర్తుపట్టే నంబరు వస్తుంది. కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో గానీ, కేవైఎం అని ఇంగ్లిష్‌లో కొట్టి పక్కన ఆ నంబరు పెట్టి 14422కు ఎస్సెమ్మెస్ చేసి గానీ ఆ ఫోన్ బ్లాక్ అయిందేమో చూసుకోవచ్చు. కొనేవాళ్లు డబ్బిచ్చే ముందు వచ్చే స్క్రీన్‌లోనే ఈ పని చేయించండి. దొంగ ఫోన్ కొన్నాక కట్టిన డబ్బు తిరిగి రావడం కష్టం.

బేరం లేకుండా మన దగ్గర పాత సామాను కదలదు. ‘ఫిక్స్‌డ్ రేట్’ అని రాసినా ‘లాస్ట్ ఎంత?’ అని అడుగుతూనే ఉంటారు. కాబట్టి ఆఫర్ ఇచ్చే బటన్ పెట్టండి, సింగపూర్‌లో మొదలైన క్యారోసెల్ అనే పాత సామాన్ల యాప్‌లో ఉన్నట్టు. ఇద్దరూ ఒప్పుకున్న రేటు చాట్ పైన కదలకుండా కనపడాలి. దాని పక్కనే ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా, ఆటో ఖర్చు ఎవరిది అన్నవి కూడా. మూడో అంతస్తు నుంచి బీరువా దించాలని అక్కడికి వెళ్లాక తెలిస్తే, కుదిరిన రేటు మళ్లీ మొదటికొస్తుంది.

డబ్బు విషయంలో జపాన్ యాప్ మెర్కారి పద్ధతి చాలామందికి నచ్చుతుంది. వస్తువు చేతికొచ్చి, కొన్నవాళ్లు సరే అన్నాకే అమ్మినవాళ్లకు డబ్బు వెళ్తుంది. బట్టలు, పుస్తకాల్లాంటివి పార్సిల్‌లో పంపే చోట అది చక్కగా కుదురుతుంది. కానీ మన దేశంలో ఇతరుల డబ్బు మీ కంపెనీ అకౌంట్‌లో ఊరికే పెట్టుకోవడం కుదరదు. కొనేవాళ్ల డబ్బు తీసుకుని అమ్మేవాళ్లకు చేర్చే సంస్థలకు (పేమెంట్ అగ్రిగేటర్లు) ఆర్‌బీఐ 2020లో నియమాలు పెట్టింది, అనుమతి ఉన్న సంస్థ ద్వారానే వెళ్లాలి. ఫ్రిజ్‌లు, మంచాలకు మేం చెప్పింది తేలికైన పద్ధతి: అడ్వాన్స్ వద్దు, వెళ్లి, ప్లగ్ పెట్టి చూసి, అక్కడే యూపీఐ చేయండి. కొనేవాళ్లు వచ్చే రోజు ఫ్రిజ్ పొద్దున్నే ఆన్ చేసి ఉంచమని అమ్మేవాళ్లకు యాప్ గుర్తుచేయాలి.

ఇక మోసాలు. నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే. మా కాలనీలో ఒక రిటైర్డ్ మాస్టారు సోఫా అమ్మబోయి పెన్షన్ డబ్బు పోగొట్టుకున్నారు. ఆర్మీలో పనిచేస్తానని, ట్రాన్స్‌ఫర్ అయిందని, సోఫా చూడటానికి రాలేనని ఫోన్ చేశాడొకడు. బేరమే ఆడలేదు. అడ్వాన్స్ పంపిస్తున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నాడు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇద్దరు వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్టులను, అంటే యూపీఐలో ‘నాకు డబ్బు పంపండి’ అని అడగడాన్ని, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపించింది గానీ, క్యూఆర్ పంపడం, లింకులు పంపడం ఆగవు కదా. సెట్టింగ్స్‌లో ‘భద్రతా సూచనలు’ అని పేజీ పెడితే ఎవరూ తెరవరు. చాట్‌లో క్యూఆర్ ఫొటో వచ్చిన క్షణంలో, దాని కిందే పెద్ద అక్షరాల్లో ‘డబ్బు మీకు రావాలంటే పిన్ కొట్టక్కర్లేదు’ అని తెలుగులో చూపించండి. ఫిర్యాదు స్క్రీన్‌లో 1930 సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్‌కు నేరుగా కాల్ వెళ్లే బటన్ ఉండాలి. పిల్లలు అమెరికాలోనో, బెంగళూరులోనో ఉండి, ఇంట్లో పెద్దవాళ్లే సామాన్లు తీసేస్తున్న ఇళ్లు మనకు చాలా ఉన్నాయి. వాళ్లను మనసులో పెట్టుకునే ప్రతి స్క్రీన్ గీయండి.

ఫోన్ నంబరు, ఇంటి నంబరు మొదటే బయటపెట్టకండి. కాలనీ పేరు చాలు, మిగతాది రేటు కుదిరాక. ఒంటరిగా ఉండే ఆడవాళ్లు తమకు వీలైన టైమ్ తామే ఎంచుకునేలా ఉండాలి. అమ్ముడైపోయినా జాబితాలో ఉండిపోయే సామాన్లు కొనేవాళ్లను విసిగిస్తాయి. కొన్ని రోజులకోసారి ‘ఇంకా ఉందా?’ అని అడిగి, జవాబు రాకపోతే తీసేయండి. సెర్చ్‌లో తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రకరకాలుగా కొట్టేవాళ్లే ఎక్కువ, అన్నిటికీ ఫలితం రావాలి.

ఊరంతటికీ ఒకేసారి తెరవకండి. ఒక్క ఏరియా, రెండు మూడు రకాల సామాన్లు చాలు. మే, జూన్ నెలల్లో పిల్లల స్కూళ్ల కోసం ఇళ్లు మారేవాళ్లు ఎక్కువ కాబట్టి అప్పటికి సిద్ధం చేసుకోండి. ఈలోపు ఒక ఆదివారం హైదరాబాద్‌లో పాత సామాన్లు అమ్మే ఎర్రగడ్డ సండే మార్కెట్‌కి వెళ్లి, కొనేవాళ్లు ఏ వస్తువును ఎక్కడ పట్టుకుని చూస్తున్నారో, మొదట ఏం అడుగుతున్నారో రాసుకోండి. మా కెమెరా స్క్రీన్ అడిగే ప్రశ్నల్లో సగం అక్కడ విన్నవే.