డిమెన్షియా ఉన్న అమ్మకు ఇంట్లో ఎలాంటి పరికరాలు అమర్చాలి?

మీ అమ్మగారికి డిమెన్షియా (మతిమరుపు ముదిరే జబ్బు) అనీ, పగలు కొన్ని గంటలు ఒంటరిగా ఉంటారనీ రాశారు. మా అత్తగారిని ఇంట్లోనే చూసుకున్న అనుభవంతో చెబుతున్నాను. ఏది కొన్నా, దాన్ని వాడటం ఆవిడ కొత్తగా నేర్చుకోవలసిన అవసరం లేకుండా చూడండి. ఆపదలో నొక్కమని బటన్ ఉన్న లాకెట్టు మెడలో వేస్తే, మా అత్తగారు దాన్ని భద్రంగా తీసి బీరువాలో నగలతో పాటు దాచేవారు.

ముందు వంటగది సంగతి చూడండి. గ్యాస్ లీకేజీ అలారాన్ని నేలకు అడుగు ఎత్తు లోపలే బిగించాలి. వంటగ్యాసు గాలికంటే బరువు, కిందికి దిగి పేరుకుంటుంది. ఈ జబ్బులో చాలామందికి వాసన పట్టే శక్తి కూడా తగ్గుతుంది కాబట్టి వాసనను నమ్ముకోవద్దు. అలారం మోగితే ఏం చేయాలో ఆవిడకు తోచకపోవచ్చు. మీ ఫోనుకు కబురు పంపే రకం తీసుకుని, పక్కింటివారికి ఒక తాళంచెవి ఇచ్చి ఉంచండి. వీటన్నిటికంటే మేలు, మీరు బయటికి వెళ్ళేటప్పుడు సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేసి, భోజనం హాట్‌ప్యాక్‌లో పెట్టి వెళ్ళడం.

వీధి తలుపు తెరవగానే గంట మోగించే అయస్కాంతపు సెన్సర్ పెట్టించాం. దాని గంట మాత్రం మా గదిలో మోగేది. తలుపు దగ్గరే మోగితే ఆవిడ హడలిపోతారు. దయచేసి ఆవిడను లోపల ఉంచి బయట తాళం వేయకండి, మంటలు లేస్తే బయటపడే దారి ఉండదు. స్నానాల గది లోపలి గడియ తీసేయించండి. మంచం నుంచి అక్కడిదాకా, మనిషి కదిలితే వెలిగే చిన్న దీపాలు పెట్టండి. మేము పెట్టిన వాటిలో ఎక్కువ అక్కరకొచ్చినవి ఈ దీపాలే.

మనిషి ఎక్కడున్నారో చూపే జీపీఎస్ వాచీ మంచిదే కానీ ఛార్జింగ్ అయిపోతే దండగ. దానితోపాటు మీ ఫోను నంబరు చెక్కించిన గాజు కూడా వేయండి. ఆవిడ కనిపించకపోతే ఇరుగుపొరుగుతో వెతికిస్తూనే వెంటనే 112కి ఫోను చేయండి. హాల్లో కెమెరా పెట్టుకోవచ్చు, కానీ అందులోంచి మాట్లాడకండి. మనిషి కనిపించకుండా గొంతు వినిపిస్తే మా అత్తగారు గదులన్నీ వెతికేవారు. చూడలేకపోయాం.

జబ్బు ముదిరితే ఎన్ని పరికరాలున్నా పక్కన మనిషి ఉండక తప్పదు. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉచితం, అడిగి చూడండి. అమ్మగారు ఇంకా వంట చేస్తున్నారా, రాత్రిళ్ళు లేచి తిరుగుతున్నారా? అవి తెలిస్తే ముందుగా ఏది కొనాలో చెప్పగలను.