పడవకి నారింజ రంగు ఎందుకేశాడు?

తమ్ముడూ,

నీ కథ చదివాను. మనుషులు బాగున్నారు, వాళ్ళ మాటలు ఇంకా బాగున్నాయి. రెండో పేజీలో నది దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒకే పేరాలో ప్రశాంతంగా, నిశ్చలంగా, అద్దంలా అని మూడు రకాలుగా చెప్పావు, అయినా నాకు నీళ్ళు కనబడలేదు.

ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ 1875లో వేసిన 'ది స్కిఫ్' అనే బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. నెట్‌లో వెతుకు, ఫోన్‌లో కాదు, పెద్ద స్క్రీన్ మీద చూడు. పారిస్ దగ్గర సీన్ నది, మంచి ఎండ, సన్నటి పడవలో ఇద్దరు ఆడవాళ్ళు. చూడగానే ప్రాణం హాయిగా ఉంటుంది గానీ, నీళ్ళున్న చోట జూమ్ చేశావంటే నున్నగా పూసిన జాగా దాదాపు దొరకదు, ఎక్కడ చూసినా పొట్టి పొట్టి కుంచె గీతలే, నీలం పక్కన తెలుపు, దాని మీద ఇంకో నీలం, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. నీళ్ళు నిమ్మళంగా ఉన్నాయని ఆయన ఎక్కడా చెప్పలేదు. అవి ఎలా మెరుస్తున్నాయో చూపించాడు, అంతే.

ఇక పడవ. నారింజ రంగు పడవ! నీలం, నారింజ పక్కపక్కన పెడితే రెండూ ఇంకా గాఢంగా కనబడతాయి. పారిస్‌లో గోబెలిన్స్ అనే నేత కార్ఖానాలో అద్దకం పనులు చూసుకున్న షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త 1839లోనే దీని మీద పుస్తకం వేశాడు. ఆ పడవని చేత్తో మూసి చూడు, నది వెలవెలబోతుంది. నలుపు అసలు వాడలేదు, నీడలు కూడా రంగులతోనే వేశాడు. దూరంగా వంతెన వైపు రైలొకటి వస్తోంది, నాకు ఈ బొమ్మలో అన్నిటికంటే ఇష్టమైనది అదే. ప్రశాంతత చెడిపోతుందని దాన్ని తీసెయ్యలేదు చూశావా!

నువ్వు తీసేశావు. రేవులో అన్నదమ్ముల పొలం తగాదాని, నది వర్ణన మొత్తం అయిపోయాక మొదలుపెట్టావు. దాన్ని ముందుకి జరుపు. అన్న గొంతు లేస్తున్నప్పుడే కింద మెట్టు దగ్గర నీళ్ళు ఏం చేస్తున్నాయో ఒక్క వాక్యం రాయి, వాటికి ఏ విశేషణమూ తగిలించకుండా. కుదరకపోతే టెన్షన్ పడకు, పొద్దున్నే రేవుకెళ్ళి కాసేపు కూర్చుని, కళ్ళకి కనబడిందే రాసుకో.

ఇప్పటికి ఆ రెండో పేజీ ఒక్కటే మార్చి పంపు. ముగింపు జోలికి పోకు, అది బాగుంది.